ఆది చొక్కా

ఈ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరి నడుమెంతో, ఎవరి ఛాతీ ఎంతో నన్నడగండి, పుస్తకం తెరవకుండా చెప్తాను. ఇరవై ఏళ్ళకు పైగా దర్జీపని చేస్తున్నదాన్ని. ఒక్క మా ఆయన కొలతే నాకు తెలియదు. తెలుసుకున్న రోజున ఆయన లేరు. ఆ ఎన్నికల వేసవి గురించి అడిగితే అందరూ ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో చెప్తారు. నాకు మాత్రం ఆ వేసవి అంటే ఒక తెల్ల చొక్కా.

ఇంటి ముందుగదే నా కొట్టు. ఎండలింకా ముదరలేదు, అప్పటికే కొత్తబట్ట తెచ్చేవాళ్ళు కరువయ్యారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట. "అమ్మా, కాస్త లూజు తీసిపెట్టాలి." ప్యాంట్లు, గౌన్లు, యూనిఫారాలు, పెళ్ళికి కుట్టించుకున్న కోట్లు, అన్నీ విప్పడం, లోపలికి పట్టి మళ్ళీ కుట్టడం. పక్కవీధిలో రిటైరైన మాస్టారొకాయన ఉన్నారు. చెప్పిన నిమిషానికి వస్తారని గడియారం మాస్టారంటాం. ఆయన ప్యాంటు విప్పి కుట్టడం ఆ ఏడాదిలో అది మూడోసారి. వెనకజేబులు రెండూ జరిగి జరిగి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

"మాస్టారూ, ఇంకోసారి తెచ్చారంటే రెండు జేబులూ కలిపి ఒకటే కుట్టాలి."

"కుట్టెయ్యమ్మా. రెండేసి జేబుల్లో పెట్టుకోవడానికి ఏమున్నాయి గనక!"

అలమరలో రేడియో మోగుతూనే ఉండేది. దేశం పరుగులు తీస్తోందట, తలసరి ఆదాయం రెట్టింపైందట. మాస్టారు చెవి ఒగ్గి విని, "తలసరి పెరిగిందటమ్మా. నడుముసరి ఎప్పుడు పెరుగుతుందో కాస్త వాళ్ళనే కనుక్కో," అన్నారు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే పుస్తకంలో పాత కొలత కొట్టేసి కొత్తది వేశాను. రెండంగుళాలు తక్కువ.

నేను పుట్టినప్పుడూ ఆ ప్రభుత్వమే. నా పెళ్ళినాడూ అదే. మా అమ్మాయి తొమ్మిదో తరగతికొచ్చినా అదే. మొదట్లో మంచి చేయలేదని అనను, మా వీధికి దీపాలు వాళ్ళే పెట్టారు. కానీ ఆ దీపాలు వెలగడం మానేసి రెండేళ్ళైంది. నూలుమిల్లు మూతపడింది. సరుకుల కొట్లో ధరలు సుద్దముక్కతో రాయడం మొదలెట్టారు, పొద్దున రాసింది సాయంత్రం చెరిపెయ్యడానికి వీలుగా. ఇదివరకు ఈ మాటలు గుసగుసగా అనుకునేవాళ్ళు. ఆ వేసవిలో క్యూలో నిలబడి గట్టిగానే అన్నారు.

మా ఆయన సిటీబస్సు డ్రైవరు. బస్సు ఎంత మెల్లగా నడిపేవారంటే, డిపోలో ఆయన్ని 'నిదానం' అని పిలిచేవారు. నాలుగు నెలలుగా జీతం లేదు. అయినా తెల్లవారేసరికి ఖాకీచొక్కా తొడుక్కుని తయారు.

"జీతమివ్వని చోటికి ఎందుకండీ వెళ్ళడం?" అని నేను సణిగేదాన్ని.

"నేను వెళ్ళకపోతే బస్సెవరు తీస్తారే? ఎక్కేవాళ్ళకీ జీతాల్లేవు. పాపం, నడిచి పోతారా?"

డిపో క్యాంటీన్లో డ్రైవర్లకీ కండక్టర్లకీ మధ్యాహ్నం భోజనం ఊరికే పెట్టేవారు. ఎన్నో ఏళ్ళుగా ఉన్న అలవాటు అది. అందుకని సాయంత్రం మేమంతా కంచాల ముందు కూర్చుంటే, ఆయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గోడకి ఆనుకునేవారు. మరీ బలవంతం చేస్తే రెండు ముద్దలు.

"నాకొద్దే. మధ్యాహ్నం గట్టిగా పడింది."

"ఏం పెట్టారు నాన్నా ఇవాళ?" అని మా అమ్మాయి అడిగేది. ఇక చూడాలి ఆయన ఉషారు. వంటవాడు పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయి మళ్ళీ వేశాడనీ, తను వద్దంటున్నా గరిటెడు నెయ్యి పోశాడనీ, వంకాయ ముక్కలు ఇంతింత లావున్నాయనీ చేతులతో కొలిచి మరీ చెప్పేవారు. ఆ కబుర్లు నంజుకుంటూ మేం చారన్నం తినేవాళ్ళం. మా అత్తమ్మ, "ఆ వంటవాణ్ణి ఓ పూట మనింటికి పంపరా," అనేది.

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. బియ్యం క్యూలో రెండు గంటలు నిలబడి ఖాళీసంచితో వచ్చాను. ఆయనేమో గోడకానుకుని గుత్తివంకాయ కూర గురించి చెప్తున్నారు. "మీకేమండీ, మహారాజులు! అక్కడ తేరగా మెక్కి వస్తారు. ఇక్కడ మేం గంజికి గుటకలేస్తున్నాం," అన్నాను. ఆయన నవ్వారు. నా నాలుక తెగ్గోసుకోవాలనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. అప్పుడు మాత్రం కసిగా, హాయిగా ఉండింది.

ఎన్నికలు నెలరోజులున్నాయనగా జెండాల బాబాయి రిక్షాలో తెల్లబట్ట తానులు వేసుకుని దిగాడు. ఏలుతున్న పార్టీకి మా వీధి పెద్ద. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ప్రతి ఎన్నికలకీ జెండాలు కుట్టించేది ఆయనే. మనిషి చెడ్డవాడు కాదు, పార్టీని పట్టుకుని ఉండటం అలవాటైపోయిందంతే.

"వంద చొక్కాలు తల్లీ. సభలో మనవాళ్ళంతా తెల్లగా మెరవాలట. డబ్బు ఎన్నికలయ్యాక."

"మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అని ఇదే బాబాయ్. కొలతలేవీ?"

"కొలతలెందుకు? అన్నీ నలభై సైజు కుట్టెయ్యమన్నారు పైవాళ్ళు."

"నలభై ఛాతీ ఈ ఊళ్ళో ఇప్పుడెవరికుంది, మీ పార్టీ పెద్దాయనకి తప్ప?"

ఆయన గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా అను. గోడలకి చెవులుంటాయి." చంకలో నుంచి పాత చొక్కా ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. "ఇది నాది. కాస్త లూజు తియ్యి. ఎవరితోనూ అనకు."

ఆ రోజు ఆయనకి టేపు పెడితే మూడంగుళాలు తగ్గాడు. నేను ఎవరితోనూ అనలేదు.

నాకు ఆ చొక్కాలు కుట్టబుద్ధి కాలేదు. మా ఆయనే సర్దిచెప్పారు. "కుట్టవే. జెండా వాళ్ళదైతే ఏం, దారం మనది. పని చేతిలో ఉండటమే గొప్పయిన రోజులివి." కుట్టాను. వంద చొక్కాలు కోసి కూడా గుడ్డ మిగల్చకపోతే ఆ దర్జీ దర్జీయే కాదు. నేను అడ్డంగా, నిలువుగా సర్దుకుంటూ కోసి, ఒక చొక్కాకి సరిపడా మిగుల్చుకున్నాను. డిపోవాళ్ళంతా జీతాల కోసం ఊరేగింపు తీయబోతున్నారు. మా ఆయన ముందువరసలో నడవాలి. చిరుగుల ఖాకీలో నడవనిస్తానా?

ఇక్కడ నా పనిలోని ఓ పద్ధతి చెప్పాలి. నాకు కత్తెర పట్టడం నేర్పిన పెద్ద దర్జీ మొదటిరోజే ఒక మాట చెప్పాడు. "ఊరందరికీ టేపు పెట్టు. ఇంటి మనిషికి మాత్రం పెట్టకు. కొలిస్తే తరిగిపోతారు." అందుకని మేం ఇంట్లోవాళ్ళ పాతబట్ట ఒకటి బల్లమీద పరిచి, దాని అంచు వెంబడే కొత్తది కోస్తాం. ఆ పాతబట్టనే ఆది అంటాం. నమ్మకమో, పిచ్చో, ఎప్పుడూ దాటలేదు నేను. మా ఆయనకి మూడేళ్ళ కిందటి నీలం చొక్కా ఆది. అది పరిచాను, కోశాను, రెండురోజుల్లో కుట్టి, కాజాలు తీసి, ఇస్త్రీ చేసి ఆయన చేతిలో పెట్టాను.

తొడుక్కున్నారు. మెడ గుండీ పెట్టుకుంటే లోపల నా పిడికిలి పట్టేంత ఖాళీ. భుజం కుట్టు మోచేతివైపు జారింది.

"అయ్యో నా చేతులు పడిపోనూ! కత్తెర ఎక్కడో తప్పింది," అన్నాను.

"బానే ఉందే. ఎండాకాలం కదా, గాలాడుతుంది."

"కళ్ళజోడు మార్చవే కోడలా," అంది మా అత్తమ్మ. ఆయన వెంటనే చేతులు చాచి, చొక్కా అంచులు రెండూ రెక్కల్లా ఆడిస్తూ గదిలో రెండు చుట్లు తిరిగారు. మా అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

"విప్పండి, లూజు తీసిస్తాను."

"వద్దులే, ఉండనీ. రేప్పొద్దున జీతాలొచ్చి నేను ఒళ్ళు చేస్తే, మళ్ళీ నువ్వే విప్పాలి."

ఊళ్ళో ఎవరి చొక్కా వదులైనా మనిషి చిక్కాడని తెలిసినదాన్ని నేను. నా ఇంట్లో చొక్కా వదులైతే కత్తెర తప్పిందనుకున్నాను. ఆ తర్వాత మూడు రోజులు నా కత్తెరని తిట్టుకున్నాను, సాన కూడా పట్టించాను.

ఊరేగింపు జరిగింది. పెద్ద ఆఫీసు ముందు ఎండలో మధ్యాహ్నందాకా నిలబెట్టి, ఎన్నికలయ్యాక చూద్దాం అని చెప్పి పంపేశారు. ఆ తర్వాతి వారం కండక్టరు గారి భార్య వచ్చింది. మా ఆయన బస్సులోనే వాళ్ళాయన డ్యూటీ. నన్ను వదినా అని పిలుస్తుంది.

"ఈయన ప్యాంటు చూడు వదినా. తాడు కట్టుకుని పోతున్నారు డ్యూటీకి. టిక్కెట్టు కొట్టడానికి రెండు చేతులూ ఎత్తితే జారిపోతోందట!"

"అదేంటమ్మా? ఓ పూట డిపోలో భోజనం ఉంది కదా, మరీ అంత చిక్కడమేంటి?"

"ఏం భోజనం వదినా? క్యాంటీను మూసి నాలుగు నెలలైంది. పొయ్యిలు కూడా పీక్కుపోయారు. అన్నయ్య చెప్పలేదూ?"

నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను. ఎక్కలేదు. కొస తడిచేసి మళ్ళీ చూశాను.

"చెప్పారు," అన్నాను. "మర్చిపోయాను."

ఆమె ప్యాంటు పెట్టి వెళ్ళిపోయింది. గోడకి రెండు చొక్కాలు వేలాడుతున్నాయి, నీలంది, తెల్లది. అవి రెండూ అచ్చంగా ఒకటే కొలత. కత్తెర తప్పలేదు.

లోపలికెళ్ళి నా వంతు అన్నం గిన్నెలో సర్దాను. మా అత్తమ్మ ఎవరికని అడిగింది. "మీ అబ్బాయికి," అన్నాను. నా మొహంలో ఏం చూసిందో, ఇంకేమీ అడగకుండా తన కంచంలోది కూడా అందులో ఒంపేసింది.

డిపో దూరమేం కాదు. ఇంధనం లేక సగం బస్సులు షెడ్డు వెనక వరసగా నిలబెట్టేసి ఉన్నాయి. క్యాంటీను తలుపుకి తాళం, తాళానికి తుప్పు. నాలుగో బస్సులో డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నారాయన. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, కళ్ళు మూసుకుని. భోజనాలవేళ అలా గడిపేవారన్నమాట.

"ఏమండీ."

కళ్ళు తెరిచారు. ముందు గిన్నెను చూశారు, తర్వాత నన్ను.

"ఎవరు చెప్పారు?"

"మీ వంటవాడు," అన్నాను.

ఆయన తల దించుకున్నారు. నేను మెట్టుమీదే కూలబడ్డాను. "నిన్న గుత్తివంకాయ అన్నారు. మొన్న రెండోసారి అడిగి వేయించుకున్నానన్నారు. నేను మెక్కుతున్నారని అన్నానే మిమ్మల్ని! నా నోరు మూయించొచ్చు కదండీ! ఒక్క దెబ్బ కొట్టొచ్చు కదా!"

"ఊరుకో. ఎవరైనా వింటారు." మెల్లగా చెప్పారు. "పిల్ల ఎదిగే వయసులో ఉంది. అమ్మకి మాత్ర వేసుకోవాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలి. నువ్వు పొద్దస్తమానం మిషను తొక్కుతావు. నాది కూర్చునే పని కదే."

"కూర్చునే పనట! మీ మొహం!" ఏడుస్తూనే గిన్నె మూత తీశాను.

"ఇందులో నీదెంత?"

"నోరు మూసుకుని తినండి."

తిన్నారు. బస్సు నడిపినంత నిదానంగా, ప్రతి ముద్దా నమిలి తిన్నారు. నేను ఎదురుగా కూర్చుని ఆఖరి మెతుకుదాకా చూశాను. ఇక మీదట ఉన్నదే నలుగురం తిందామని ఒట్టు వేయించుకున్నాను. ఆ మాట తప్పలేదాయన. తొమ్మిది రోజులు మాతోపాటే కూర్చుని తిన్నారు. మనిషి తేరుకుంటాడనే అనుకున్నాను. పదోరోజు జ్వరమొచ్చింది.

ప్రభుత్వాసుపత్రి గోడమీద పెద్దాయన బొమ్మ, చేటంత మొహం పెట్టుకుని నవ్వుతూ. కింద మంచాలన్నీ నిండిపోయి ఉన్నాయి. డాక్టరమ్మ చిన్నపిల్ల, అలిసిపోయి ఉంది. "జ్వరం పెద్దదేం కాదమ్మా. మామూలు మనిషైతే వారంలో లేచి తిరుగుతాడు. ఈయన ఒంట్లో తట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు," అంది. మందుల చీటీ రాసిచ్చి, ఇక్కడ స్టాకు లేదంది. చీటీ పట్టుకుని నేను తొక్కని గడప లేదు. ఒకడు లేదన్నాడు. ఒకడు రావాలన్నాడు. ఇంకొకడు ఎన్నికలయ్యాక వస్తుందన్నాడు. వాణ్ణి ఆ కౌంటరు మీదనుంచి బయటికి లాగాలనిపించింది. పాపం, వాడి చొక్కా కూడా వదులుగానే ఉంది.

రెండోరోజు సాయంత్రం మా అమ్మాయి బడినుంచి నేరుగా వచ్చి మంచం పక్కన కూర్చుంది. దానికి అప్పటికి అంతా తెలుసు. వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని అడిగింది.

"నాన్నా, ఇవాళ క్యాంటీన్లో ఏం పెట్టారు?"

ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత చెప్పారు. పప్పు. అందులో ఉప్పు మళ్ళీ మర్చిపోయాడు. నెయ్యి. వంకాయ ముక్కలు ఇంతింత అని చెయ్యెత్తబోతే లేవలేదు. మా అమ్మాయే ఆయన చెయ్యి పైకెత్తి పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే పోయారు.

ఇంటికి తెచ్చాక వీధివాళ్ళంతా వచ్చారు. మంచి చొక్కా ఒకటి తొడగాలన్నారెవరో. ఉన్నది ఆ తెల్లదే. మా అత్తమ్మ దాన్ని ఆయన మీద పరిచి చూసి, "వీపుకింద మడిచి పిన్నీసు పెడదాంలే అమ్మా. ఎవరికి కనిపిస్తుంది గనక," అంది. నేను వద్దన్నాను. ఆయన్ని ఇంకోసారి వదులు చొక్కాలో చూడలేను.

ముందుగదిలోకి వెళ్ళి టేపు తెచ్చాను. కొలిస్తే తరిగిపోతారని పెద్ద దర్జీ చెప్పిన మాట గుర్తొచ్చింది. కొలవకుండానే తరిగిపోయారు కదా ఈయన. మెడ కింద చెయ్యి పోనిచ్చి టేపు చుట్టాను. కొట్లో ఎప్పుడూ నేను కొలత పైకి చెప్తే మా అమ్మాయి రాసుకునేది. అలవాటుకొద్దీ నేను పైకి చెప్పాను. తలెత్తి చూస్తే, అది పుస్తకం తెచ్చుకుని, కొత్త పేజీ తీసి, పైన 'నాన్న' అని రాసుకుని నిలబడి ఉంది.

"మెడ పదమూడు."

"ఊఁ."

"ఛాతీ..." టేపు దాని చేతికిచ్చాను. అదే చూసి, అదే రాసింది. ముప్ఫై రెండు.

మిషను ముందు కూర్చుని కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. వీధంతా నిశ్శబ్దంగా ఉంది, నా మిషను చప్పుడు తప్ప. తొడిగితే అతికినట్టు సరిపోయింది. నా ఇన్నేళ్ళ పనిలో అంత సరిగ్గా ఏ చొక్కా కుదరలేదు. వాళ్ళ సభ కోసం తెచ్చిన గుడ్డలోనే వెళ్ళిపోయారు మా ఆయన.

వారానికి ఓట్లు. గడియారం మాస్టారు వచ్చి నన్నూ మా అత్తమ్మనీ వెంటబెట్టుకెళ్ళారు. క్యూ వీధి చివరిదాకా ఉంది, ఒక్కళ్ళూ నవ్వట్లేదు. నా వంతొచ్చాక ముద్ర ఎంత కోపంగా గుద్దానంటే, కాగితం చిరగకపోవడమే ఆశ్చర్యం. నలభై ఏళ్ళ ప్రభుత్వం ఓడిపోయింది. మా వీధిలో అర్ధగంట ఈలలు, చప్పట్లు. కండక్టరు గారి భార్య పరుగెత్తుకొచ్చి, "పోయారు వదినా, పోయారు!" అంది. అని, ఏమందో తనకే తట్టి, నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

వేసవి చివర్లో జెండాల బాబాయి మళ్ళీ వచ్చాడు. చేతిలో ఈసారి ఇంకో రంగు గుడ్డ.

"గాలి మారింది తల్లీ. మనమూ మారాలి కదా. కొత్త పెద్దాయన సన్మానానికి చొక్కా కుట్టాలి. ఇదిగో, ఆది కూడా తెచ్చాను." బల్లమీద పెట్టాడు. మంచి ఖరీదైన చొక్కా.

నేను వెనక్కి తోశాను. "ఆది తీసుకోను బాబాయ్. మనిషిని రమ్మనండి."

"అంతవాడు నీ కొట్టుకొస్తాడా? పిచ్చిమాటలు."

"రాకపోతే కుట్టను. ఎవరికైనా అంతే. ఒంటిమీద టేపు పెట్టకుండా ఇక నేను కత్తెర పట్టను."

ఆయన గొణుక్కుంటూ చొక్కా మడత పెట్టుకుంటున్నాడు. మెడ దగ్గర ఎముకలు తేలి కనిపించాయి. నేను టేపు తీసుకుని లేచాను.

"ముందు మీరు రండి. చేతులెత్తండి."

"నాకెందుకమ్మా ఇప్పుడు?"

"ఎత్తండి."

ఎత్తాడు. మా అమ్మాయి పుస్తకం తెరిచింది. పోయిన కొలతకన్నా ఇంకో అంగుళం తక్కువ.

"అన్నం తిన్నారా బాబాయ్?"

"తిన్నానమ్మా. సుష్టుగా తిన్నాను."

"ఏం కూర?"

బాబాయి చేతులెత్తుకునే ఉండిపోయాడు. నేను టేపు మెడలో వేసుకుని, ఇంకో కంచం పెట్టమని మా అమ్మాయితో చెప్పాను.